పెన్సిలు గీతల గోడ

డాక్టరమ్మ ఇంటి తలుపు తీసేదీ వేసేదీ, టికెట్లు చింపేదీ, వచ్చినవాళ్ళని గదిగదికీ తిప్పి చూపించేదీ, వాళ్ళు వెళ్ళాక నేల ఊడ్చేదీ ఒక్క మనిషే. పదిహేడు తాళంచెవుల గుత్తి ఎప్పుడూ నడుముకి వేలాడుతుండేది కాబట్టి ఊళ్ళో అందరూ ఆమెని తాళాలమ్మ అనేవారు. కాగితాల మీద ఆమె మేనేజరు. ఆ మాటకి తగ్గ జీతమేమీ లేదు గానీ, ఆ ఇల్లంటే ఆమెకి ప్రాణం.

డాక్టరమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. నలభై ఏళ్ళపాటు ఆ ఇంట్లోనే ముందుగదిలో పిల్లలకి వైద్యం చేసింది. పెళ్ళి చేసుకోలేదు. పోతూ పోతూ ఇంటిని ఊరికి రాసిచ్చింది. ఊళ్ళో పెద్దలు ఐదుగురు కమిటీగా ఏర్పడి దాన్ని మ్యూజియం చేశారు. లోపల చూడదగ్గవి పెద్దగా ఏమీ లేవు. రోగులు కూర్చునే పొడుగాటి బెంచీ, పిల్లల్ని తూచే కాటా, మందు సీసాల బీరువా, ఒక ఇనుప మంచం. జనం వచ్చేది మాత్రం ముందుగది గోడ కోసం.

చూపించుకోవడానికి వచ్చినవాళ్ళలో తనకి చేరికైన పిల్లల్ని డాక్టరమ్మ ఆ గోడకి ఆనించి నిలబెట్టేది. నెత్తి మీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీసేది. పక్కన తేదీ, ముద్దుపేరు రాసేది. అసలు పేర్లు చీటీ మీదకే. గోడ మీద అన్నీ బుడంకాయ, నసపెట్టె, మూడుపళ్ళు, గుండుబాబు, ఏడుపుగొట్టు, ఇలాంటివే. మూడొందల పైచిలుకు గీతలు. బట్టతలలొచ్చినవాళ్ళు కూడా వచ్చి, వంగి, తమ గీత వెతుక్కుని, నడుము దాకా కూడా లేనే అని నవ్వుకునేవారు. పద్నాలుగేళ్ళు ఆ గోడని మెత్తటి కుంచెతో దులిపింది తాళాలమ్మ.

గోడ బాగానే ఉంది, దాని పైన కప్పే బాగాలేదు. వాసాలకి చెదలు పట్టాయి. వాన పడితే ఇంట్లో ఏడు చోట్ల బకెట్లు పెట్టాలి. మేస్త్రి వచ్చి, నిచ్చెనెక్కి, ఒక వాసాన్ని వేలితో పొడిచి చూపించాడు. వేలు సగం దాకా దిగిపోయింది. ఇంకో రెండు వానాకాలాలు దాటదని చెప్పి, ఖర్చెంతవుతుందో ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఆ అంకెని తాళాలమ్మ రెండుసార్లు చదువుకుంది. టికెట్ల డబ్బు కరెంటు బిల్లుకీ చీపుళ్ళకీ సరిపోతుంది. సర్కారువారి సాయం ఏడాది ఆలస్యంగా, అడిగినదాంట్లో సగం వస్తుంది. విరాళాల పెట్టె తెరిస్తే నాలుగు నోట్లూ, రెండు చొక్కా గుండీలూ, ఎవరిదో బస్సు టికెట్టూ దొరికాయి. ఊళ్ళో వ్యాపారస్తుల దగ్గరికి వెళితే అందరూ కుర్చీ వేసి కూర్చోబెట్టారు, డాక్టరమ్మని తలుచుకున్నారు. ఒకాయన మాత్రం తన కొట్టు పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉన్న గోడగడియారం ఒకటి బహూకరించాడు.

అలాంటి సమయంలో టీపొడి ప్రకటన తీసేవాళ్ళు వచ్చారు. పాతకాలపు ఇల్లు కావాలన్నారు. రెండు రోజులకి అద్దె, అచ్చం మేస్త్రి చీటీలో ఉన్నంత. సగం ముందు, సగం పని ముగిశాక. కమిటీ ప్రెసిడెంటు గారు, ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఒప్పందం మీద తానే సంతకం పెట్టి, ఇంట్లో ఒక్క మేకు కూడా కొట్టకూడదని అడుగున చేత్తో రాశారు.

మొదటిరోజు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. రెండోరోజు పొద్దున్న వాళ్ళ సెట్టింగుల కుర్రాడు తాళాలమ్మ దగ్గరికి వచ్చాడు. ముందుగదిలో కుటుంబమంతా కూర్చుని టీ తాగే దృశ్యం ఉందనీ, వెనక ఆ గీతలుంటే చూపంతా వాటిమీదకే పోతోందనీ అన్నాడు. పైన పల్చగా ఒక పూత వేస్తామనీ, నీళ్ళ రంగేననీ, సాయంత్రం తడిగుడ్డతో తుడిస్తే పోతుందనీ చెప్పాడు.

"పోతుందా?" అని అడిగింది తాళాలమ్మ.

"పోతుందండీ, రోజూ చేసే పనేగా," అన్నాడతను.

మూలన ఒక జానెడు చోట వేసి చూడమనొచ్చు. ప్రెసిడెంటు గారికి ఫోను చెయ్యొచ్చు. కుదరదని ఒక్క మాట అనొచ్చు. ఈ మూడూ ఆమెకి అప్పుడే తోచాయి, తరవాత తోచినవి కావు. కానీ మిగతా సగం డబ్బు సాయంత్రానికి చేతికి రావాలి. సరే, కానివ్వండి అంది. అని, ఆ గదిలో నిలబడలేక పెరట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం తడిగుడ్డతో ఆమే తుడిచింది. రంగు పోయింది. రంగుతోపాటు పెన్సిలూ పోయింది. గుడ్డ మీదకి బూడిదరంగు నీళ్ళు దిగాయి. కంగారుపడి ఇంకోచోట తుడిచింది, అక్కడా అంతే. రంగు అలాగే ఉంచేద్దామా అంటే దాని కింద ఏమీ కనబడదు. తుడుస్తూనే ఉంది. చివరికి గోడ మీద చారలు చారలుగా సున్నం మిగిలింది. టీపొడివాళ్ళు అప్పటికే డబ్బు చేతిలో పెట్టి, సామాను వ్యానుకెక్కించుకుని వెళ్ళిపోయారు. తాళాలమ్మ రోగుల బెంచీ మీద కూర్చుండిపోయింది.

ఆ పూటే ఎవరికైనా చెప్పి ఉంటే పొరపాటుగా పోయేది. ఆమె చెప్పలేదు. గోడకి చెమ్మ పట్టిందని గదికి తాళం వేసింది. తన దగ్గరున్న ఫొటోలన్నీ బయటికి తీసింది. ఎప్పుడో పత్రికవాళ్ళు తీసినవీ, బళ్ళో పిల్లలు పంపినవీ పాతిక దాకా ఉన్నాయి. సోమవారాలు మ్యూజియానికి సెలవు. ఆరు సోమవారాలు తలుపులు మూసుకుని, ఫొటోలు ముందు పెట్టుకుని, గీతలన్నీ తిరిగి గీసింది. డాక్టరమ్మ చేతిరాత ఆమెకి కొట్టినపిండి. మందుచీటీలు పద్నాలుగేళ్ళుగా చూస్తోంది కదా. "డు" కొమ్ము చివర చిన్న తోక, తేదీల మధ్య అడ్డగీత, అన్నీ అచ్చుగుద్దినట్టు దిగాయి. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, మూడో సోమవారం నాటికి ఆమెకి పనిలో సరదా కూడా పుట్టింది.

కిటికీ పక్కనున్న ఎడమవైపు భాగం మాత్రం ఏ ఫొటోలోనూ లేదు. అక్కడ వెలుతురు కళ్ళలోకి కొడుతుంది, ఎవరూ తీయలేదు. గుర్తున్న పది పన్నెండు పేర్లు రాసింది. మిగతా చోటు బోసిగా కనబడుతోందని పేర్లు కల్పించింది. తేదీలు కల్పించింది. ఒకచోట తన చిన్నప్పటి ముద్దుపేరు బుల్లెమ్మ అని కూడా రాసేసుకుంది. చిన్నప్పుడు ఆమె ఆ ఊరే కాదు.

కప్పు వేశారు. కొత్త వాసాలు, కొత్త పెంకులు. ఆ ఏడాది వానలకి ఒక్క చుక్క దిగలేదు. బకెట్లన్నీ పెరట్లో బోర్లించింది. ప్రెసిడెంటు గారు గోడ చూసి, గది ఆరాక గీతలు ఇంకా స్పష్టంగా కనబడుతున్నాయే అని మెచ్చుకున్నారు. తాళాలమ్మ తల ఊపింది.

ఇది జరిగిన ఎనిమిది నెలలకి ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్భైకి దగ్గరపడ్డ వయసు, బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. చేతికర్ర, వెంట కూతురు. చిన్నప్పుడు ఈ ఊరు విడిచి వెళ్ళినవాడు మళ్ళీ ఇదే రావడమట. మిగతా గదులేమీ చూడకుండా తిన్నగా కిటికీ పక్కకి వెళ్ళాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు, వంగాడు, వేలితో ఒక్కొక్క పేరే తడుముతూ చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

తనదీ తన చెల్లెలిదీ ఇక్కడే ఉండాలి అన్నాడు. తనది పెద్దోడు, కిందగా చెల్లెలిది పిచ్చుక. ఇద్దర్నీ ఒకేరోజు నిలబెట్టి గీసిందట డాక్టరమ్మ. పిచ్చుక కాలి మునివేళ్ళ మీద లేస్తే, మోసం చెయ్యకే అని భుజాలు నొక్కి దింపిందట. ఆ ఏడాదే ఆ పిల్ల జ్వరంతో చనిపోయింది. అయిదేళ్ళు. ఫొటో ఒక్కటీ లేదు. ఆ పిల్ల ఈ లోకంలో ఉండి వెళ్ళిందనడానికి ఆ గీత ఒక్కటే ఉందని, దాన్ని కూతురికి చూపిద్దామని వచ్చానన్నాడు.

ఆయన వేలు అప్పటికి బుల్లెమ్మ మీద ఉంది.

తాళాలమ్మకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోరు తెరిస్తే వేరే మాట బయటికొచ్చింది.

"చాలామంది అలాగే పొరబడతారండీ. చిన్నప్పటి సంగతులు కదా, ఉన్నట్టే అనిపిస్తాయి."

పెద్దాయన ఆమె వైపు చూశాడు. గోడవైపు చూశాడు. "అయ్యుండొచ్చమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నిన్ను అనవసరంగా శ్రమపెట్టాను, ఏమీ అనుకోకు."

వెళ్తూ వెళ్తూ సందర్శకుల పుస్తకంలో పేరూ చిరునామా రాసి, విరాళాల పెట్టెలో ఒక పెద్ద నోటు వేశాడు.

ఆ రోజు తాళాలమ్మ ఇంటికెళ్ళి మొగుడికి మొత్తం చెప్పింది. అతను అంతా విని, కప్పు నిలబడింది కదా, ఎవరికి తెలుస్తుంది, వదిలెయ్ అన్నాడు. అతని ఉద్దేశం ఆమెని ఓదార్చడమే గానీ, ఆమెకి ఒంటిమీద జెర్రి పాకినట్టయింది. మర్నాడు ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన కాలెండరు తీసి చూశారు. రెండు వారాల్లో సర్కారు నుంచి తనిఖీ ఆఫీసరు వస్తున్నాడనీ, అయిదేళ్ళ సాయం అతని కలం మీద ఆధారపడి ఉందనీ, అది దాటాక ఆలోచిద్దామనీ అన్నారు. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు కొంత తేలికపడింది కూడా. తరవాత తరవాత ఆమెని ఎక్కువగా కాల్చింది ఆ తేలికపడడమే.

ఆఫీసరు వచ్చాడు. అన్నిటికంటే గోడనే మెచ్చుకున్నాడు. ఇంత శ్రద్ధగా కాపాడినవాళ్ళని తాను ఇంకెక్కడా చూడలేదని తాళాలమ్మకి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. సాయం మంజూరైంది.

ఆ ఉత్తర్వు వచ్చిన రోజే ఆమె సందర్శకుల పుస్తకంలోంచి పెద్దాయన చిరునామా రాసుకుని బస్సెక్కింది. మూడు గంటల ప్రయాణం. పెద్దాయన కూతురు తలుపు తీసింది. గుర్తుపట్టి, లోపలికి రమ్మంది. నాన్న ఆ రోజునుంచీ అదోలా ఉంటున్నాడని గొంతు తగ్గించి చెప్పింది. స్టవ్వు ఆపానా లేదా అని పదిసార్లు చూసుకుంటున్నాడట. మాట్లాడుతూ మాట్లాడుతూ, ఇది జరిగిందా నేను అనుకుంటున్నానా అని ఆగిపోతున్నాడట. మతిమరుపు డాక్టరుకి చూపించామనీ, పరీక్షలు రాశారనీ చెప్పింది.

తాళాలమ్మ కుర్చీలో కూర్చోలేదు. పెద్దాయన ముందు నిలబడే అంతా చెప్పింది. టీపొడి, పూత, తడిగుడ్డ, సోమవారాలు, బుల్లెమ్మ. ఆ రోజు తెలిసే అబద్ధమాడానని చెప్పింది. తనిఖీ అయ్యేదాకా ఆగానని కూడా చెప్పింది.

ఆయన కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

"మూడు వారాలుగా నా బుర్ర చెడిపోయిందనుకున్నానమ్మా," అన్నాడు. "అసలు నాకు చెల్లెలుండేదా, నేనే ఊహించుకున్నానా అని కూడా అనుకున్నాను."

కూతురు మొహం పక్కకి తిప్పుకుంది.

ఆయన అడిగాడు. "పద్నాలుగేళ్ళు దులిపానన్నావు కదా. పిచ్చుక అని అక్కడ ఉండేదా?"

ఉండేదని చెప్పాలని తాళాలమ్మకి ప్రాణం కొట్టుకుపోయింది. ఒక్క మాట. ఆయనకి శాంతి, తనకీ శాంతి. కళ్ళు మూసుకుని ఆ మూలని తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. కిటికీ వెలుతురు తప్ప ఏమీ కనబడలేదు.

"నాకు గుర్తు లేదండీ. ఉందనాలని ఉంది. కానీ మీతో ఇంకో అబద్ధం ఆడలేను."

పెద్దాయన తల పంకించి, కర్ర అందుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపు చూసి కూతురు ఆమెని వీధి తలుపు దాకా సాగనంపింది.

తరవాత తాళాలమ్మ రెండు ఉత్తరాలు రాసింది, ఒకటి కమిటీకి, ఒకటి ఆఫీసరుకి. సాయంలో సగానికి పైగా కోతపడింది. ప్రెసిడెంటు గారు నాలుగు నెలలు ఆమెతో ముఖాముఖి మాట్లాడలేదు. ఏం కావాలన్నా చీటీ రాసి పంపేవారు. ఆమెని తీసేయాలని కమిటీలో ఒకరు గట్టిగానే పట్టుబట్టారు. ఆ జీతానికి ఇంకెవరూ దొరకక ఉంచారు. ఆ సంగతి కూడా ఆమె చెవిన పడింది. కూరల కొట్టు దగ్గర ఆమెని చూసి మాటలు ఆగిపోయేవి. ఆమె తలవంచుకుని తూకం వేయించుకుని వచ్చేసేది.

కిటికీ పక్క తాను కల్పించిన పేర్లన్నీ రబ్బరుతో చెరిపేసింది. కుడివైపు ఉన్నవి ఫొటోలు చూసి తిరిగి రాసినవని, ఎందుకు రాయాల్సి వచ్చిందో, ఎవరి వల్ల రాయాల్సి వచ్చిందో ఒక బోర్డు మీద రాసి గోడ పక్కన పెట్టింది. కమిటీవాళ్ళు "సాంకేతిక కారణాల వల్ల" అని రాయమన్నారు. ఆమె వినలేదు.

ఏడాది తిరిగాక కండక్టరు గారి కూతురు ఒక్కతే వచ్చింది. పరీక్షల్లో ఏ లోపమూ లేదన్నారని చెప్పింది. సంచిలోంచి ఒక కాగితం తీసింది. పెద్దాయన తన చేత్తో రాసినది, వణుకుతున్న అక్షరాలు. పిచ్చుక ముందుపన్ను ఊడిన సంగతి, అన్నం తినకుండా చొక్కా జేబులో దాచే సంగతి, మునివేళ్ళ మీద లేచిన సంగతి, పోయిన తేదీ. దీన్ని గోడ మీద కాకుండా మందు సీసాల అద్దాల బీరువాలో పెట్టమన్నాడట.

"నాన్న మిమ్మల్ని క్షమించానని చెప్పమనలేదండీ," అంది ఆ అమ్మాయి. "ఇది ఇచ్చి రమ్మన్నాడు."

తాళాలమ్మ రెండు చేతులా కాగితం అందుకుంది. బీరువా పై అరలో, తేమ తగలని చోట పెట్టింది. పెద్దాయన మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.

ఇప్పటికీ బళ్ళనుంచి పిల్లలు వస్తుంటారు. బోర్డు చదవడం రాని చిన్నవాళ్ళు కిటికీ పక్క ఖాళీ చూసి, ఇక్కడివి ఎవరు చెరిపేశారని అడుగుతారు. నేనే అంటుంది తాళాలమ్మ. ఎందుకు అంటారు. చెబుతుంది, ఏదీ దాచకుండా, వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో. ఇన్నాళ్ళకీ ఆ మాట చెప్పేటప్పుడు మెడనుంచి చెవుల దాకా వేడెక్కుతుంది. పిల్లలు అదేమీ పట్టించుకోరు. కాటా ఎక్కి తూగొచ్చా అని అడుగుతారు. వరసగా నిలబడమని చెప్పి, ఆమె వాళ్ళని ఒక్కొక్కరినే ఎక్కిస్తుంది.