కొంగ మార్కు టీ, ఏడో నంబరు బాతు

రామతులసి గారు మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉంటారు. ముప్పై ఏళ్ళు విజయవాడ భవానీపురంలోనే ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "కుదరలేదండీ" అని అక్కడితో ఆపేస్తారు. స్వతహాగా భయస్తురాలు. గ్యాసు కట్టానో లేదో అని సితార సెంటర్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. నేను చెప్పబోయేది ఆమె నాకు విడతలు విడతలుగా చెప్పిందే. ఒక్కసారి కూడా మొదటినుంచి చివరిదాకా ఒకేసారి చెప్పలేకపోయారు.

ఆమె ఎదుటి ఫ్లాట్‌లో శాంభవి అనే అమ్మాయి ఉంటుంది. గుణదలలో ఒక బ్యాంకులో పని. భర్త అఖిలేష్‌ది విశాఖపట్నంలో ఉద్యోగం, శనాదివారాలు మాత్రమే వస్తాడు. వాళ్ళ పాప అపూర్వకు రెండేళ్ళు. పాపను చూసుకునే మనిషి కుదరక శాంభవి సతమతమవుతుంటే, తులసి గారే "నా దగ్గర వదిలి వెళ్ళమ్మా, నేను మాత్రం ఇంట్లో ఏం చేస్తున్నాను" అన్నారు. ఆ తర్వాత నుంచి ఉదయం తొమ్మిదింటికి పాప ఇటు, సాయంత్రం ఆరింటికి అటు.

తులసి గారిది పామర్రు. తండ్రి వెంకటసుబ్బారావు గారికి నాలుగెకరాల మాగాణితో పాటు కొంగ మార్కు టీ ఏజెన్సీ కూడా ఉండేది. ఆ టీ పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. అచ్యుతరామారావు గారని ఒకాయన విజయవాడ వన్‌టౌన్‌లో ఒక రేకుల షెడ్డులో మొదలుపెట్టాడు. నీలగిరి నుంచి చెక్కపెట్టెల్లో టీ తెప్పించి, తన పాళ్ళలో కలిపి, పచ్చకాగితం మీద తెల్లకొంగ బొమ్మ వేసిన పొట్లాల్లో అమ్మేవాడు. అప్పట్లో మా వైపు టీ అంటే హోటల్లో తాగేది. ఇంట్లో తాగేవాళ్ళకి కాఫీయే. పొట్లం వంటింట్లోకి వెళ్ళాలంటే పిల్లలు అడగాలని ఆయనకు తోచింది. డెబ్భై ఎనిమిదిలో ప్రతి పావుకేజీ పొట్లంలో ఒక చిన్న లోహపు బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. చింతగింజకన్నా కాస్త పెద్దవి, ముప్పై రకాలు: కొంగ, నాటుపడవ, నాగలి, దున్నపోతు, గంపలో కోడి, ఏతం, తాటిచెట్టు, వరికుప్ప, బాతు. కింద అడుగున నంబరు చెక్కి ఉండేది. ముప్పై కూడబెట్టి తిరిగిచ్చేస్తే కంపెనీవాళ్ళు ఒక స్టీలు కప్పు, సాసరు ఇచ్చేవాళ్ళు. ఆ రెండేళ్ళూ పామర్రు బడిలో పిల్లలు గోలీలు మానేసి ఈ బొమ్మలు మార్చుకున్నారట. ఏజెంటు కూతురు కాబట్టి తులసి గారికి ముప్పై తొందరగానే పూర్తయ్యాయి. కప్పు, సాసరు తీసుకోలేదు. బొమ్మలు చూపించి మళ్ళీ ఇంటికి తెచ్చేసుకున్నారు.

ఎనభైలో బొమ్మలు ఆగిపోయాయి. ఇంకో మూడేళ్ళకు టీ కూడా ఆగిపోయింది.

ఈమధ్య పాత వస్తువులు పోగుచేసేవాళ్ళు ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందులో ఎవరో కొంగ బొమ్మ ఒక్కటి ఫోటో పెట్టి, ముప్పై ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. తులసి గారు "నా దగ్గర ఉన్నాయి" అని రాశారు. ఫోటో పెట్టమని పాతికమంది వెంటపడ్డారు. జూలైలో ఒక బుధవారం ఉదయం, పాప ఇడ్లీ తిన్నాక, ఆమె అటకమీద డబ్బా దింపి, డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి, బొమ్మల్ని నంబరు వరసలో నిలబెట్టారు.

అప్పుడే గ్యాసు బండ వచ్చింది. బండ తెచ్చినతను తలుపు దగ్గర నిలబడి ఓటీపీ చెప్పమన్నాడు. ఫోన్లో మెసేజ్ చదవడానికి కళ్ళజోడు కనిపించలేదు. వెతికి, చదివి, బండ లోపల పెట్టించుకుని తిరిగి వచ్చేసరికి పేపరు సగం కిందికి వేలాడుతోంది. బొమ్మలు నేలమీద చెల్లాచెదురుగా ఉన్నాయి. అపూర్వ వాటి మధ్యలో కూర్చుని ఉంది. గడ్డం తడిగా ఉంది. ఏడవడం లేదు, మాట్లాడడం లేదు.

తులసి గారు బొమ్మలన్నీ ఏరి లెక్కపెట్టారు. ఇరవై తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టారు. ఏడో నంబరు లేదు. అది బాతు.

"పాపా, బాతేదీ?"

పాప నోరు తెరిచి చూపించింది. నోట్లో ఏమీ లేదు.

అక్కడినుంచి పదిహేను నిమిషాలు ఏం చేశానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుందంటారు తులసి గారు. ఆమె శాంభవికి ఫోన్ చెయ్యలేదు. ఫ్రిజ్ కింద చీపురు పెట్టి లాగారు. సోఫా జరిపారు. పాప చొక్కా విప్పి దులిపారు. బాతు ఏ మూలో దొరికితే ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అన్న ఒక్క ఆశతో నేలంతా పాకారు. ఈలోపు పాప ఒకసారి దగ్గింది. ఆ దగ్గుతో ఆమె వెతకడం ఆపేశారు. పిల్లను ఎత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి ఆటో ఎక్కారు. సూర్యారావుపేటలో ఒక పిల్లల ఆసుపత్రి పేరు చెప్పి, దుర్గ గుడి ఫ్లైఓవర్ మీద ఉండగా శాంభవికి ఫోన్ చేశారు.

"పాప ఏదో మింగిందమ్మా. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. నువ్వు రా."

"ఏం మింగిందండీ? ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది. నువ్వు రా తల్లీ."

ఆటో దిగేదాకా ఆమె పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఉంచారు.

డాక్టర్ జాన్ పాల్ గారు నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. ఎక్స్‌రే తీయించి, తెరమీద చూపించాడు. పాప పక్కటెముకల కింద, కడుపులో, తెల్లగా బాతు కనిపించింది. మెడ, ముక్కు కూడా తెలుస్తున్నాయి. అంత స్పష్టంగా ఉండడంతోనే తులసి గారికి ఎక్కువ భయమేసింది. పిల్లేమో ఆమె ఒళ్ళో కూర్చుని స్టెతస్కోపు పట్టుకుని లాగుతోంది.

"ఊపిరితిత్తుల్లోకి వెళ్ళలేదు, అదే పెద్ద అదృష్టం" అన్నాడు డాక్టర్. "కడుపులోకి వచ్చేసింది కాబట్టి మామూలుగా అయితే రెండు మూడు రోజుల్లో దానంతటదే వెళ్ళిపోతుంది. ఇది ఏ లోహమో తెలుసాండీ?"

"తగరం అనుకుంటానండీ. కంపెనీవాళ్ళు తగరపు బొమ్మలనే చెప్పేవాళ్ళు."

"తగరమైతే రేపు మళ్ళీ ఎక్స్‌రే తీసి చూద్దాం. సీసమైతే మాత్రం ఆగడానికి లేదు. కడుపులో యాసిడ్‌కి కరుగుతుంది. చిన్నపిల్లల్లో అది మెదడు మీద పనిచేస్తుంది. గట్టిగా తెలుసా మీకు?"

ఏడో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్ళపాటు సీసం విషమని చెప్పిన మనిషి. తన అటకమీద ఉన్నదేమిటో ఒక్కరోజూ పరీక్షించి చూడలేదు. "కనుక్కుంటానండీ" అని వరండాలోకి వచ్చారు.

ఆ ఫేస్‌బుక్ గ్రూపులోనే ఎవరో ఆ మధ్య వెంకటప్పయ్య అనే ఆయన గురించి రాశారు. కొంగ మార్కు బొమ్మలు పోతపోసింది ఆయనే, పామర్రులోనే ఉంటున్నారని. తులసి గారు ఆ రాసినాయనకి మెసేజ్ పెట్టి, నంబరు తెప్పించి ఫోన్ చేశారు. చాలాసేపు మోగాక ఒక ముసలిగొంతు పలికింది.

"వెంకటప్పయ్య గారాండీ? నేను వెంకటసుబ్బారావు గారి అమ్మాయిని. టీ ఏజెన్సీ సుబ్బారావు గారు."

"సుబ్బారావు గారి అమ్మాయివా. చెప్పమ్మా."

"బాబాయి గారూ, మీరు పోసిన బొమ్మలు ఏ లోహమండీ?"

"తగరమేనమ్మా. పొట్లం మీద కూడా అలాగే వేశారుగా." గొంతు చటుక్కున మారింది. "ఇప్పుడెందుకమ్మా అదంతా. ఎవరైనా అడగమన్నారా?"

"రెండేళ్ళ పిల్ల మింగిందండీ. ఆసుపత్రిలో ఉన్నాం."

ఫోన్ పెట్టేశాడేమోనని ఆమె "హలో, హలో" అన్నారు.

"నంబరెంతమ్మా?" అన్నాడు చివరికి.

"ఏడు. బాతు."

"అయ్యో. మొదటి పన్నెండూ సీసమేనమ్మా. తగరం దొరక్క పాత బ్యాటరీల సీసం కరిగించి పోశాను. అచ్యుతరామారావు గారు వద్దనలేదు. మిగతా పద్దెనిమిది తగరమే. ఆ పిల్ల కడుపులోంచి తీసెయ్యమని చెప్పమ్మా. ఆలస్యం చెయ్యొద్దు."

"మీకెట్లా తెలుసండీ, ఆలస్యం చెయ్యకూడదని?"

"దివిసీమలో ఒక పిల్లాడు మింగాడు. దానంతటదే పోతుందిలే అనుకున్నారు. నెల తిరక్కుండా ఫిట్స్ వచ్చాయి. అప్పుడే బొమ్మలు ఆపేశారు. ఉన్నవి వెనక్కి తెప్పించమని ఏజెంట్లందరికీ ఉత్తరాలు రాశారు. మీ నాన్నగారికి కూడా వెళ్ళింది. ఆ పిల్లాడు తర్వాత ఏమయ్యాడో నేను కనుక్కోలేదమ్మా. భయమేసింది. ఇప్పటికీ ఎవరైనా బొమ్మల మాటెత్తితే తగరమనే చెబుతాను."

తులసి గారికి ఆ ఉత్తరం ఎప్పుడొచ్చిందో అప్పుడు తెలిసింది. తనకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం నాన్న వచ్చి డబ్బా ఇచ్చెయ్యమన్నాడు. తను ఏడ్చి అన్నం మానేసింది. ఆయన "నోట్లో మాత్రం పెట్టుకోకే" అని, డబ్బాను తనే అటకమీద పెట్టేశాడు. ఎందుకో చెప్పలేదు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆ క్షణంలో ఆమెకు తీరిక లేదు.

డాక్టర్ గది తలుపు తోసుకుని వెళ్ళి "సీసమండీ" అన్నారు. ఆయన ఇంకేమీ అడగకుండా ఎండోస్కోపీ చేసే డాక్టరుకు ఫోన్ చేశాడు. పాప ఇడ్లీ తిన్నది కాబట్టి మత్తు ఇవ్వడానికి మధ్యాహ్నం దాకా ఆగాలన్నారు.

శాంభవి వచ్చేసరికి పన్నెండయింది. హెల్మెట్ తలమీదే ఉంది. తులసి గారు ఆమెకు మొత్తం చెప్పారు. డబ్బా దింపడం, గ్యాసు బండ, ఓటీపీ, తర్వాత నేలంతా వెతికిన పదిహేను నిమిషాలు. ఆ చివరిది దాచేస్తే ఎవరికీ తెలిసేది కాదు.

"పదిహేను నిమిషాలు నాకు చెప్పలేదా మీరు?" అంది శాంభవి.

"చెప్పలేదమ్మా. భయపడ్డాను."

శాంభవి పాపను తీసుకుని వెళ్ళి ఎదుటి బెంచీ మీద కూర్చుంది.

మూడింటికి పాపను లోపలికి తీసుకెళ్ళారు. తలుపు పైన ఎర్రలైటు వెలిగింది. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో తులసి గారు దేవుణ్ణి కూడా తలుచుకోలేకపోయారట. దివిసీమ పిల్లాడే కళ్ళముందు మెదిలాడు. పేరు తెలియదు, ఊరు తెలియదు. ఇప్పుడుంటే యాభైకి దగ్గరగా ఉంటాడు. ఉన్నాడో లేడో.

నర్సు బయటికి వచ్చి ఒక చిన్న ప్లాస్టిక్ సీసా చూపించింది. అడుగున బాతు ఉంది. రంగు పోయి బూడిదలా ఉంది.

రక్తపరీక్ష ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ తులసి గారు ఫోన్ మోగితే తీయలేకపోయారు, తీయకుండా ఉండనూలేకపోయారు. ఎదుటి ఫ్లాట్‌లో పాప ఏడుపు వినిపిస్తే తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. ఏడుపు ఆగితే ఇంకా భయం. ఆదివారం అఖిలేష్ వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు: "ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువుందటండీ. మందులు అక్కర్లేదన్నారు. నెలకోసారి చూడాలట." లోపలికి రమ్మంటే రాలేదు.

ఆ సాయంత్రమే ఆమె గ్రూపులో రాశారు: ఒకటి నుంచి పన్నెండు దాకా సీసమని, పిల్లలున్న ఇళ్ళలో ఉంచవద్దని, తన ఇంట్లో ఏం జరిగిందో, పదిహేను నిమిషాల సంగతితో సహా. కొందరు వెక్కిరించారు. మంచి బొమ్మల విలువ పాడుచేస్తున్నారని ఒకాయన తిట్టాడు. కానీ పెనమలూరు నుంచి ఒకామె తన మనవడి బొమ్మలపెట్టెలో నాగలి ఉందని, తీసేశానని రాసింది. మొత్తం పదకొండు ఇళ్ళవాళ్ళు అలా రాశారు. తులసి గారు తన డబ్బాను ఆ గ్రూపులో ఎవరికీ ఇవ్వలేదు. డాక్టర్ గారిని అడిగి, ఎక్కడ అప్పగించాలో తెలుసుకుని అక్కడ ఇచ్చేశారు.

మూడో నెల పరీక్షలో సీసం మామూలు స్థాయికి దిగింది. ఆ మర్నాడు సోమవారం ఉదయం బెల్ మోగింది. శాంభవి పాపను ఎత్తుకుని నిలబడి ఉంది, భుజాన బ్యాంకు బ్యాగు.

"ఈ మూడు నెలలూ మా అమ్మ ఉందండీ. నిన్న వెళ్ళిపోయింది" అంది.

తులసి గారు చేతులు చాచలేదు. "నాకు భయంగా ఉందమ్మా" అన్నారు.

"నాకూ భయంగానే ఉందండీ. అందుకే మీ దగ్గరికి తెచ్చాను. డాక్టర్ గారు చెప్పారు, ఆ రోజు మీరు ఆ ముసలాయనకి ఫోన్ చెయ్యకపోతే మర్నాటి దాకా ఆగేవాళ్ళట." భుజాన బ్యాగు సర్దుకుంటూ, "పదిహేను నిమిషాలు మాత్రం నేను మర్చిపోలేను" అంది.

"మర్చిపోవద్దమ్మా" అన్నారు తులసి గారు, పాపను అందుకుంటూ.

ఆ రోజు ఆమె వంట చెయ్యలేదు. టీవీ పెట్టలేదు, ఫోన్ వేరే గదిలో పెట్టేశారు. సాయంత్రం ఆరింటిదాకా అపూర్వ ఎటు వెళ్తే అటు, నేలమీద పిల్ల పక్కనే కూర్చున్నారు.