తిరుగు తెడ్డు

నా చిన్నప్పుడు చలికాలం వచ్చిందంటే పడవ మీద ఎక్కడికి పోవాలా అన్నదే నా ఆలోచన. కొల్లాపూర్ దాటాక కృష్ణ ఒడ్డున మా ఊరు. శ్రీశైలం డ్యాము నీళ్లు వెనక్కి తన్ని కింది పొలాలను ముంచేశాక, మా ఏరు అవతలి ఒడ్డు ఆనవాలు పట్టలేనంత వెడల్పయింది. అంతకుముందు పుట్టిలో జనాన్ని ఏరు దాటించిన మా తాత, ఆ తర్వాత ఒక చిన్న చెక్క పడవ చేయించుకుని చేపలు పట్టడం మొదలుపెట్టాడు. దానికి తెరచాప కూడా ఉండేది. యూరియా సంచులు విప్పి మా అవ్వ కుట్టిన తెరచాప. గాలి నిండితే సంచుల మీది అక్షరాలు ఉబ్బేవి. బడిలో కన్నా ఆ తెరచాప మీదే నేను ఎక్కువ చదువుకున్నానంటే అబద్ధం కాదు.

కోతలు అయిపోగానే అమ్మానాన్న మట్టిపనికి వలస పోయేవారు. నేను తాత, అవ్వల దగ్గర ఉండేదాన్ని. చలికాలం మొదట్లో నీళ్లు నిండుగా ఉండేవి. అప్పుడు తాత పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, తారు పూసి ఎండబెట్టేవాడు. తారు ఆరాక మొదటి సవారీకి వల ఎక్కించకూడదని మా ఇంట్లో పద్ధతి. ఆ ఒక్కరోజు పడవ చేపలకు పోదు, ఇంటి ఆడపిల్ల ఎక్కడికంటే అక్కడికి పోతుంది. నాకంటే ముందు ఆ హక్కు మా అక్కది. అక్క పెళ్లయి అవతలి ఒడ్డుకు వెళ్లిపోయాక, నా తొమ్మిదో ఏట అది నాకు వచ్చింది.

ఇక చూడండి నా దర్జా. వంటింటి ముందు నేల మీద బూడిదతో నీళ్లు గీసుకుని, ఒక చింతగింజను పడవగా చేసి రోజంతా తిప్పేదాన్ని. సోమశిలలో దిగి గుడి ముందు మిఠాయి కొనుక్కుందామని కాసేపు. నీళ్ల మధ్య మిగిలిన గుట్ట మీద ఆఖరి సీతాఫలాలు ఏరుకుందామని కాసేపు. కానీ గింజ ఎటు తిరిగినా చివరికి అక్క ఊరి దగ్గరే ఆగేది. అమ్మ లేని నెలల్లో నాకు తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది అక్కే. నెల తప్పిందని, ప్రయాణం వద్దని దసరాకు కూడా అత్తగారింటివాళ్లు ఆమెను పంపలేదు. రోడ్డున పోవాలంటే ఎక్కడెక్కడో చుట్టు తిరిగి బస్సులు మారాలి. మా ఒడ్డున నిలబడితే మాత్రం సాయంత్రం పూట ఆ ఊరి పొగలు కనబడేవి. వాటిలో అక్క పొయ్యి ఏదో అనుకుంటూ చీకటి పడేదాకా నిలబడేదాన్ని. ఆమెను చూడకపోతే ఆ చలికాలం నాకు గడవదనిపించింది.

తాతతో చెప్పాను. ఆయన వద్దనలేదు. "ఎప్పుడు పోదామో, ఎట్ల పోదామో నువ్వే చెప్పు బిడ్డా. పడవ నీది, నేను నీ జీతగాణ్ణి," అన్నాడు. గాలి చూడటం కూడా ఆయనే నేర్పాడు. పొద్దున్నే గుప్పెడు బొరుగులు నీళ్ల మీద చల్లి, అవి ఎటు కొట్టుకుపోతాయో చూడాలి. సగం చేపలు తినేసేవి, మిగిలిన సగం ప్రతిరోజూ అక్క ఊరి వైపే పోయేవి. నా కాలు నేల మీద నిలవలేదు.

"తాతా, గాలి అక్క దిక్కే పోతుంది. తెడ్డు ముట్టే పనే లేదు!"

"గట్లనా? మంచిదే మరి," అన్నాడు తాత. అవ్వ ఏదో అనబోతే కళ్లతోనే ఆపాడు. అదేమిటో అడగాలన్న ధ్యాస కూడా నాకు లేదు.

ఆ ఉదయపు ప్రయాణం ఇప్పటికీ నాకు కలలోదో నిజమో తెలియదు. నీళ్ల మీద మంచు ఇంకా పూర్తిగా లేవలేదు. మునిగిపోయిన చెట్ల మోడులు అక్కడక్కడా తేలి, వాటి మీద నీరుకాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. తెరచాప నిండింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. తాత గొంగడి కప్పుకుని, చుక్కానిగా తెడ్డు ఒకటి నీళ్లలో వేలాడేసి కూర్చున్నాడు. మా కింద ఎవరి చేనో, ఎవరి బావో ఉంది. వాటన్నింటి మీదుగా పోతున్నామని తలుచుకుంటే ఒళ్లు తేలిపోయింది. ఇంత సులువైన దానికి ఇన్నాళ్లు ఎందుకు ఆగామా అనుకున్నాను.

అక్క మమ్మల్ని చూసి ముందు నమ్మలేదు. తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నా తల విప్పి మళ్లీ జడ వేసింది. రాత్రి ఉండమని బతిమాలింది. ఆడపిల్లను ఇచ్చిన ఇంట్లో రాత్రి ఉండటం తాతకు మొహమాటం. అన్నం తిని, మధ్యాహ్నం దాటుతుండగా పడవ ఎక్కాం.

గాలి మాత్రం పొద్దున ఎటు వీచిందో అటే వీస్తోంది. ఇప్పుడు అది మా మొహం మీద ఉంది. తాత తెరచాప చుట్టేసి తెడ్లు అందుకున్నాడు. ఒక్కో పోటుకు పడవ జానెడు ముందుకు పోయి బెత్తెడు వెనక్కి వచ్చేది. ఎంతసేపు చూసినా అక్క నిలబడిన ఒడ్డు దూరం కాలేదు. ఆయన కుడి భుజానికి ఎప్పటిదో పాత దెబ్బ ఉండేది. నేనేస్తానని ఒక తెడ్డు పట్టుకుంటే అది నన్నే లాక్కుపోబోయింది. నడిమి గుట్ట చేరేసరికి తాత మాట్లాడలేకపోయాడు. రాళ్ల మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్కను చూడాలన్న ఆశతో తాతను చంపుకున్నాననే అనుకున్నాను. పక్కన కూర్చుని, చప్పుడు చేస్తే ఏమవుతుందోనని నోరు మూసుకుని ఏడ్చాను.

చాలాసేపటికి ఆయన చెయ్యి నా తల మీద పడింది. అప్పుడు అడిగాను.

"తాతా, గాలి ఇట్ల కొడ్తదని నీకు తెల్వదా?"

"తెల్వకేంది? నలభై ఏండ్ల సంది నీళ్ల మీదనే ఉన్న."

"మరి ఎందుకు చెప్పలె?"

"చెప్తే నువ్వు పోదామంటుంటివా? మీ అక్క ఆడ మన కోసం సూడబట్టె." కాసేపు ఊపిరి తీసుకుని, కుడి భుజం పట్టుకుని మళ్లీ అన్నాడు. "పోయేటప్పుడు గాలి తీస్కపోతది బిడ్డా. వచ్చేటప్పుడు ఎవలదో ఒకలది రెక్క గుంజుతది. ఎవలదో జర సూసుకోవాలె. గంతేగాని, పోవుడు బంద్ చేయకు."

పొద్దు వాలాక గాలి తగ్గింది. నెమ్మదిగా ఇల్లు చేరాం. అవ్వ నూనె వెచ్చబెట్టి తెచ్చింది. ఆ భుజం నేనే మర్దన చేశాను. వద్దన్నా మూడు రోజులు చేశాను.

మరుసటి చలికాలం మళ్లీ బూడిదతో నీళ్లు గీశాను. ఈసారి గింజను ముందు అక్క ఊరి నుంచి మా ఊరికి నడిపించాను. గాలి లేచేది పొద్దు పొడిచాకే కాబట్టి, రాత్రి అక్కడే ఉండి తెల్లవారకముందే బయల్దేరితే ఎదురుగాలి ఉండదని తేలింది. తాత మొహమాటం సంగతి నేను చూసుకున్నాను. మేం దిగగానే అక్క అత్తగారి దగ్గరికి పోయి, మా తాత భుజం నొస్తుంది, రాత్రికి ఇక్కడే పడుకుంటాడని చెప్పి ఆమె కళ్లముందే చాప పరిచేశాను. ఆమె పకపకా నవ్వింది. అలా అక్కతో, ఆమె చంటిబిడ్డతో ఒక పూటకు బదులు ఒక రాత్రంతా దొరికింది. తిరుగుదారి చూసుకుంటే ప్రయాణం తగ్గిపోతుందని భయపడ్డాను, కానీ పెరిగింది.

తాత పోయి చాలా ఏళ్లయింది. నా బతుకులో సులువుగా జరిగిన పనులు కొన్ని ఉన్నాయి. నా పిల్లల చదువులు, నా ఆపరేషను, ఇల్లు కట్టుకోవడం. ప్రతిసారీ గుట్ట మీద వెల్లకిలా పడుకున్న ఆ మొహం గుర్తొచ్చి, ఇది ఎవరి రెక్కల మీద నడుస్తోందా అని వెతుక్కున్నాను. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు. చాలాసార్లు వాళ్లు నోరు విప్పలేదు.

మొన్న చలికి మా పిల్లలందరూ వనపర్తి నుంచి సోమశిలకు పడవ షికారుకు పోదామన్నారు. కారు మాట్లాడారు, ఏం వండుకుపోవాలో, ఎక్కడ ఫొటోలు దిగాలో అంతా అనుకున్నారు. అందరూ ఎక్కాక నేను ముందుకు వంగి, నా ఈడు డ్రైవరును రాత్రి నిద్రపోయావా అన్నా అని అడిగాను. ఆయన అద్దంలోంచి నా వైపు చూసి, నిన్నటి నుంచి బండి మీదే ఉన్నానమ్మా అన్నాడు. కారు ఆపించి, ఆయన్ని ఇంట్లో పడుకోబెట్టాను. రెండు గంటలు ఆలస్యంగా పోయాం.