కప్పను అడిగిన అయివారు

నిన్న సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. పెరట్లో కప్పలు బెకబెకమని అందుకోగానే నాకు ఖాదర్ సాహెబు గారు గుర్తొచ్చి, ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. మా ఆవిడ అదోలా చూసింది. ఆయనెవరో తెలియని వాళ్లకు ఈ నవ్వు పిచ్చిగానే ఉంటుంది మరి.

ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఆత్మకూరులో ఒక బడి. ఆయన సైన్సు అయివారు, నేను ఆయన చేతికింద కొత్తగా చేరిన అసిస్టెంటును. ఏడేళ్లుగా తాత్కాలికంగా ఉన్న ఆయన ఉద్యోగం ఖాయం కావాలంటే, మద్రాసు నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరు ముందు కప్పను కోసి పాఠం చెప్పాలి. ఆ ఏడు చూస్తే కరువు. ఎంత వెతికినా మాకు దొరికిన కప్ప ఒక్కటే. దాన్ని తొట్టిలో వేసి, తాగడానికి దాచుకున్న నీళ్లు పోసి కాపాడుకుంటున్నాం.

ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు పొద్దున్నే ఊరి శెట్టిగారి భార్య సుబ్బమ్మ పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని, రోకలి భుజాన వేసుకుని బడిలోకి దిగింది. వాన కోసం మా వైపు రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి, ఇంటింటా దానిమీద నీళ్లు పోయిస్తారు. అదే కప్పతల్లి. వాళ్లకూ కప్ప దొరకక, మాదాన్ని అడగడానికి వచ్చారు.

“కప్పల్ని కోస్తాండారంట, ఇంక వాన యాడ పడతాది అయివారూ? పాపం కాదా?”

సాహెబు గారికి రోషం వచ్చింది. “మీరు దాన్ని రోకలికి కట్టి ఎండలో ఊరంతా తిప్పుతారే, అది పుణ్యమా? దాన్ని అడిగినారా తల్లీ?”

“మేము తిప్పి వదిలేస్తాం. మీరు కోసేటప్పుడు అడుగుతాండారా?”

సాహెబు గారు తొట్టి వైపు నడిచారు. “దారం వదులుగా కట్టండి. రేపు బడి గంటకు ప్రాణంతో తెచ్చియ్యాల,” అని తొట్టి చూపించారు.

తెచ్చారు. కానీ రోకలితోనే, మేళంతోనే, తరగతి గదిలోకే! అప్పటికే కుర్చీలో ఇన్‌స్పెక్టరు, బల్ల మీద కత్తి. పసుపు కుంకుమలతో కప్ప పెళ్లికూతురిలా ఉంది. నేను కట్లు విప్పి బల్ల మీద పెట్టగానే సుబ్బమ్మ దండం పెట్టింది. చూసి పిల్లలూ పెట్టారు.

“ఊఁ, కానివ్వండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సాహెబు గారు కత్తి పట్టుకుని, వంగి, మెల్లగా అడిగారు: “ఏమమ్మా, కోయాల్నా?”

నిజంగానే జవాబు కోసం ఆగారు. కప్ప గొంతు గబగబా కొట్టుకుంటోంది. ఆయన కత్తి పక్కన పెట్టి, సుద్దముక్క అందుకుని, గుండె బొమ్మ గీసి గంటసేపు చెప్పారు. అంత మంచి పాఠం నేను మళ్లీ వినలేదు.

ఉద్యోగం ఖాయం కాలేదు. వానా పడలేదు. దారం వదులుగా కట్టించినందుకే పడలేదని సుబ్బమ్మ ఆయన్ను ఊరంతా తిట్టింది. “ఈ ఊర్లో నన్ను ఏమీ అననిది ఆ కప్ప ఒక్కటేనప్పా,” అని నవ్వుతూ ఆయన బద్వేలు బండెక్కారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆయన వెళ్లాక ఆ కప్ప పాఠం నా చేతికొచ్చింది. కత్తి పట్టిన ప్రతిసారీ నేనూ వంగి అడిగేవాణ్ణి. పిల్లలు పగలబడి నవ్వేవారు. ఇన్నేళ్లలో ఒక్క కప్పా సరేననలేదు. నా కత్తి తుప్పు పట్టింది గానీ, సుద్దముక్కలు మాత్రం ఏ ఏడూ చాలలేదు.