మూడు భాషలు దాటిన ఆర్డర్

మా కేంద్ర బలగాల కంపెనీ భద్రాచలం చేరింది రెండువేల ఏడు ఎండాకాలంలో. సారపాక దగ్గర కాగితం మిల్లు వాసన లారీలోకి కొట్టింది. వంతెన కింద గోదావరి సన్నబడి ఇసుక తేలి ఉంది. అక్కడి నుంచి చర్ల వైపు తారు రోడ్డు. కొంత దూరం పోయాక లారీలు ఆపి దిగమన్నారు. మిగతా దారి నడక. అదీ రోడ్డు మీద కాదు, పక్కన అడవిలో. మందుపాతరల భయం. మనిషికీ మనిషికీ మధ్య పది గజాల ఎడం. రైఫిలు, మేగజైన్లు, హెల్మెట్, రెండు సీసాల నీళ్ళు. తునికి చెట్లకు నీడ లేదు. క్యాంపు కనపడేసరికి సీసాలు రెండూ ఖాళీ.

క్యాంపు అంటే గుట్ట కింద చదును చేసిన జాగా. చుట్టూ ముళ్ళకంచె, ఇసుక బస్తాలు, మూలకొక కాపలా మోర్చా. మా కమాండర్ హర్యానా రైతు బిడ్డ. వైర్‌లెస్ ఆపరేటర్‌ది మణిపూర్ కొండలు. మందులిచ్చే అతను కేరళ మనిషి. డాక్టర్ కాకపోయినా అందరం డాక్టర్ సాబ్ అనేవాళ్ళం. నాది పెనుబల్లి దగ్గర ఒక ఊరు, ఆ ఊరి చివరి వాడ. మా తాతకు ఊరి హోటల్లో టీ గ్లాసు వేరుగా ఉండేది. తాగి, తనే కడిగి, చూరులో పెట్టి రావాలి. ఇక్కడ అందరి అన్నం ఒకే దేగిసాలోంచి. ఆ ఒక్క విషయానికే నాకు యూనిఫాం అంటే ప్రాణం.

కంపెనీలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కడినే. అందుకని ఊళ్ళతో మాట్లాడే పని నాకు పడింది. కానీ వాగు దగ్గరి గుడిసెల్లో నా తెలుగు పనికిరాలేదు. వాళ్ళు సరిహద్దు అవతలి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్ళు. కోయ తప్ప మరోటి రాదు. బుచ్చయ్య అని ఇక్కడి కోయ పెద్దమనిషి నాకు తోడు వచ్చేవాడు. ఒకప్పుడు మిల్లుకు వెదురు కొట్టినవాడు. మొదట నన్ను సార్ అన్నాడు. నాది పెనుబల్లి పక్క అని తెలిశాక తమ్మీ అన్నాడు.

"భాష మాదే, దేవుళ్ళు మా దేవుళ్ళే," అన్నాడు గుడిసెలు చూపిస్తూ. "గని వీళ్ళకు రేషన్ కార్డు లేదు, బియ్యం రావు. దవాఖానకు పోతే ఏ రాష్ట్రమని అడుగుతరు. ఏం చెప్తరు?"

మొదటి గుడిసె జోగాది. భార్య ఇడ్మె. నాలుగేళ్ళ కూతురు దేవె. ఊరెందుకు విడిచారని అడిగాను. ఇడ్మె నేల చూస్తూ చాలాసేపు చెప్పింది. బుచ్చయ్య దాన్ని రెండు ముక్కల్లో చెప్పాడు.

"ఒకళ్ళొచ్చి అన్నం పెట్టమన్నరంట. పెట్టిన్రు. తర్వాత ఇంకొకళ్ళొచ్చి, వాళ్ళకెందుకు పెట్టిన్రని ఇండ్లు కాలవెట్టిన్రంట."

"ఎవరు?"

"ఇద్దరికీ తుపాకులున్నయ్ తమ్మీ. ఆమెకు గంతే తెలుసు."

మే నెలలో ఒక పొద్దున జోగా క్యాంపు గేటు ముందుకు వచ్చాడు. భుజాన దేవె. రెండు చేతులూ పైకెత్తమని సెంట్రీ సైగ చేస్తూ అరిచాడు. పాపను పట్టుకున్న చెయ్యి తీయలేక, జోగా ఒక్క చెయ్యి ఎత్తి నిలబడ్డాడు. డాక్టర్ సాబ్ పాప వేలు గుచ్చి రక్తం పరీక్ష చేశాడు. మలేరియా. మాత్రలిచ్చాడు. తన దోమతెర విప్పి అదీ ఇచ్చాడు. మా గేటు తొక్కినవాణ్ణి అడవిలో ఉన్న నక్సలైట్లు ఇన్ఫార్మర్ అంటారు. ఆ మాట పడ్డవాడు బతకడం కష్టం. జోగా అది తెలిసే వచ్చాడు.

పాప లేచి తిరిగింది. తర్వాత మా పెట్రోల్ అటు పోయినప్పుడల్లా డాక్టర్ సాబ్‌ను చూడగానే, అతను అడక్కముందే, నోరు తెరిచి నాలుక చాపేది.

జూన్ మొదట్లో ఆర్డర్ వచ్చింది. వాగు పక్క గుడిసెలు రిజర్వు ఫారెస్టులో ఉన్నాయి. ఫారెస్టు సిబ్బంది వాటిని తీసేస్తారు. మేం వాళ్ళకు రక్షణ ఇవ్వాలి.

పొద్దున ఆరింటికి ఫారెస్టు వాళ్ళతో కలిసి బయల్దేరాం. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. మమ్మల్ని చూసి జోగా నవ్వుతూ ఎదురొచ్చాడు. డాక్టర్ సాబ్ పాపను చూడటానికి వచ్చాడనుకున్నాడు. ఇడ్మె సొరకాయ బుర్రతో నీళ్ళు తెచ్చింది. డాక్టర్ సాబ్ తాగలేదు. బుర్ర చేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

కమాండర్ హిందీలో నాకు చెప్పాడు. "మధ్యాహ్నంలోగా ఖాళీ చెయ్యాలని చెప్పు. సామాన్లు తీసుకోమను. ఎవరి మీదా చెయ్యి పడకూడదు."

నేను బుచ్చయ్యకు తెలుగులో చెప్పాను.

"నా నోటితోటి చెప్పాల్నా తమ్మీ?"

"నాకు భాష రాదు గదన్నా."

తల వంచి కోయలో చెప్పాడు. కమాండర్ చెప్పినంత పొడవు లేదు. రెండో మూడో మాటలు. జోగా ముఖం మీద నవ్వు వెంటనే పోలేదు. మాట లోపలికి దిగేదాకా ఉంది. తర్వాత అతను ఒకటి అడిగాడు. అది కోయలోంచి తెలుగులోకి వచ్చింది.

"యాడికి పోవాల్నని అడుగుతున్నడు."

నేను హిందీలో చెప్పాను. కమాండర్ ఫారెస్టు ఆఫీసర్ వైపు తిరిగాడు. ఆఫీసర్ వాగు అవతలికి, సరిహద్దు వైపు చెయ్యి చూపించాడు. ఆ జవాబును ఎవరూ తర్జుమా చెయ్యాల్సిన పని లేకపోయింది.

ఫారెస్టు వాళ్ళు తడకలు కోసి కుప్ప వేశారు. ఇడ్మె కుండలు, కోళ్ళ గంప, దోమతెర బయటికి తెచ్చుకుంది. ఎవరూ ఎదురు తిరగలేదు. నా సెట్‌లో వైర్‌లెస్ ఆపరేటర్ గొంతు వినిపించింది.

"పని పూర్తయిందా? ఓవర్."

"పూర్తయింది. ఓవర్."

"ఎవరికైనా దెబ్బలు? ఓవర్."

"లేవు. ఓవర్."

కాసేపు గరగర. తర్వాత, "పాప ఎట్లా ఉంది?" అన్నాడు. అది డ్యూటీలో అడిగే ప్రశ్న కాదు.

ఆ సాయంత్రం మోర్చాలో అతనే చెప్పాడు. తన చిన్నప్పుడు సైనికులు వచ్చి, ఊరందరినీ చర్చి ముందు మైదానంలో రోజంతా కూర్చోబెట్టారట. "మా అమ్మ ఇప్పటికీ నన్ను యూనిఫాంతో ఇంట్లోకి రానివ్వదు," అన్నాడు.

ఆ వారమే వానలు మొదలయ్యాయి. జోగా వాళ్ళు సరిహద్దు దాటలేదు. రెండు గుట్టలు దాటి ఇంకా లోపలికి పోయారని తెలిసింది. జులైలో బుచ్చయ్య తడుస్తూ క్యాంపుకు వచ్చాడు.

"పిల్లకు మళ్ళ జరమొచ్చిందంట తమ్మీ. ఈడికి తీస్కరమ్మని జోగాకు చెప్పి పంపిన. ఇగ ఆ గేటు కాడికి రానన్నడంట."

డాక్టర్ సాబ్ అప్పటికే కిట్ భుజాన వేసుకున్నాడు. కమాండర్ ఒక్క మాటే అన్నాడు. "వెళ్ళండి."

వాగు మొల లోతు పారుతోంది. తాడు కట్టి దాటాం. బూట్ల నిండా నీళ్ళతోనే గుట్టలు ఎక్కాం. జోగా ఒక మద్ది చెట్టు కింద కూర్చొని ఉన్నాడు. ఈసారి లేవలేదు. బుచ్చయ్య అతని పక్కన కూలబడి మాట్లాడి, మా వైపు తిరిగాడు.

"నిన్ననే పోయిందంట."

డాక్టర్ సాబ్ కిట్ దించలేదు. అలాగే వానలో నిలబడ్డాడు.

మరుసటి ఏడాది మా కంపెనీకి బదిలీ అయింది. సర్వీసు ముగించుకొని నేను పెనుబల్లి వచ్చేశాను. ఆ మధ్య కల్లూరులో చుట్టాల పెళ్ళికి పోతే, వరసకు అల్లుడు పక్కన కూర్చొని అడిగాడు.

"బార్డర్‌ల గాదు, మన భద్రాచలం అడవిలనే చేసినవంట గద మామా. ఎవరి మీద కొట్లాడినవ్?"

ఆ ప్రశ్న ఎవరడిగినా నా కళ్ళ ముందుకు వచ్చేది ఒక్కటే.

ఆ జులై రోజు మేం గుట్ట ఎక్కి రావడం ఇడ్మె దూరం నుంచే చూసింది. అప్పటికి వాళ్ళకున్నది నాలుగు గుంజలు, పైన టేకాకుల కప్పు. ఆమె లేచింది. ఏమీ అడగలేదు. చేతులు పైకి చాపి, కప్పు మీది ఆకులు ఒక్కొక్కటే లాగి కింద పెట్టసాగింది. మందులు తెచ్చామని బుచ్చయ్య కేక వేశాడు. ఆమె భాషలోనే కేక వేశాడు. ఆమె ఆగలేదు. మేం దగ్గరికి చేరేసరికి పైన ఒక్క ఆకు లేదు. వాన నేరుగా పొయ్యిలో పడుతోంది. ఆమె మొదటి గుంజ పీకడానికి వంగింది.