ఊరడిగితే కిమ్మనలేదు

"సదరు వ్యక్తిని స్వగ్రామము ఏదని అడుగగా కిమ్మనలేదు" అని రాసిన కాగితం కింద నేను సంతకం చేశాను. అది అబద్ధం. ఆయన చెప్పాడు. నాకు రెండు మూరల దూరంలో నిలబడి మూడుసార్లు చెప్పాడు.

ఆయన వరంగల్‌లో పళ్ల డాక్టరు. చౌరస్తా నుంచి స్టేషన్ వైపు తిరిగే మూలన, ఒక బట్టల సేటు ఇంటి ముందరి గది అద్దెకు తీసుకున్నాడు. ఒక కుర్చీ, కాలితో తొక్కే ఒక మిషను, అద్దాల పెట్టెలో కట్టుడు పళ్ల సెట్లు నాలుగు. డిగ్రీ లేదు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. చిన్నప్పుడే కలకత్తాలో ఓడ దిగి, హైదరాబాదులో చుట్టాల దగ్గర కొన్నేళ్లు ఉండి, తర్వాత మా ఊరు చేరాడు. ఉర్దూ మాలాగే మాట్లాడేవాడు. తెలుగు మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఊరంతా ఆయన్ని చీనా డాక్టర్ అనేది.

నేను బోర్డులు రాసేవాణ్ణి. మాది మగ్గాల ఇల్లు. బడి మొహం చూడలేదు. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు, పొట్లాలు కట్టిన పాత పేపర్లు చూసి మాటలు నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లకు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తడబడకుండా చదివేవాణ్ణి. ఆ గర్వం నాకు మెండుగానే ఉండేది. ఇది పందొమ్మిది వందల యాభై ఏడు నాటి మాట.

బోర్డు రాయమని పిలిచి ఆయన మొదట అన్న మాట ఇది.

"పెయింటర్ భాయ్, చీనా వద్దు. కిమ్మన్ రాయి."

"అదేం ఊరు డాక్టర్ సాబ్?"

నా రంగు డబ్బా మూత తిరగేసి, తడివేలితో దాని మీద గీశాడు. ఒక పక్క పెద్ద ఒడ్డు. దూరంగా సముద్రంలో ఒక ద్వీపం. ఒడ్డుకు మరీ దగ్గరగా, ముక్కు కింద పుట్టుమచ్చలాగా ఒక చుక్క. "ఇది పెద్ద చీనా. ఇది ఫార్మోజా. ఈ చిన్నది కిమ్మన్, మా ఊరు. అమ్మ అక్కడే. చీనా దగ్గర, కానీ చీనాది కాదు. దూరం ద్వీపం వాళ్లది" అన్నాడు. ఆ చుక్కను ఇంగ్లీషు వాళ్లు క్వెమోయ్ అని రాస్తారని నాకు తర్వాత పేపర్లో చూస్తే తెలిసింది. ఆయన నోట మాత్రం ఎప్పుడూ కిమ్మనే.

"కిమ్మన్ అని రాస్తె ఎవ్వనికి సమజ్ గాదు సాబ్. చీనా అంటెనే గిరాకి" అన్నాను నేను. చివరికి ఇద్దరం రాజీపడ్డాం. గోడ మీద బెత్తెడు ఎత్తు ఎర్ర అక్షరాలతో "చీనా పండ్ల దవాఖాన" అనీ, కింద మూలన నల్లరంగుతో చిన్నగా "కిమ్మన్" అనీ రాశాను.

రంగు ఆరకముందే ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో నవ్వులు మొదలయ్యాయి. ఆ హోటల్ యజమాని వయసులో నాకంటే పెద్ద, నోరు ఇంకా పెద్ద.

"ఏందే పెయింటరూ, కిమ్మన్ అని రాసినవ్? పన్ను పీకితె మనిషి కిమ్మనడనా?"

"గదేనే కాకా. నీ నోట్ల పండ్లు పీకినంకనన్న నువ్వు కిమ్మనకుంట ఉంటవేమోనని."

మాట పాకింది. నర్సంపేట నుంచి బండి కట్టుకుని వచ్చిన రైతులు బుగ్గ పట్టుకుని "కిమ్మనకుంట పీకే డాక్టర్ ఏడుంటడు?" అని అడిగేవాళ్లు. మేమెందుకు నవ్వుతున్నామని డాక్టర్ నన్ను అడిగాడు. తెలుగులో కిమ్మనడమంటే నోరు తెరిచి చిన్న చప్పుడు చేయడమనీ, కిమ్మనలేదంటే నోరే విప్పలేదనీ విప్పి చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "మా అమ్మకు రాస్తా. మన ఊరు పేరు చెప్తే ఇక్కడ నొప్పి పోతుందని" అన్నాడు.

మరుసటేడు ఆ చుక్క మీద ఫిరంగులు మొదలయ్యాయి.

పేపరు పొద్దుటి బండికి వచ్చేది. హోటల్ బెంచీ మీద కూర్చుని నేను పైకి చదివేవాణ్ణి. చుట్టూ పదిమంది వినేవాళ్లు. డాక్టర్ చాయ్ తాగడు, అయినా వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. పెద్ద దేశం ఒడ్డు నుంచి కాలుస్తున్నది, ద్వీపం వాళ్లు తిరిగి కాలుస్తున్నారు, అమెరికా ఓడలు వచ్చి సముద్రంలో నిలిచాయి. ఎవరెవరి మాటలో చదువుతూ పోతే చివరికి ఆయన ఒక్కటే అడిగేవాడు. "ఊరిలో ఇండ్లు?" పేపర్లో ఇండ్ల సంగతి ఎప్పుడూ ఉండేది కాదు.

కొన్ని వారాలకు ఇంకో విడ్డూరం చదివాను. ఇకమీద బేసి తారీఖుల్లోనే కాలుస్తాం, సరి తారీఖుల్లో కాల్చమని ఆ దేశం ప్రకటించిందట. హోటలంతా గొల్లున నవ్వింది.

"ఫిరంగులకు గూడ సెలవులున్నయారా! మన మగ్గానికి లేకపాయె!"

నేనూ నవ్వాను. స్తంభం దగ్గరి మనిషి నవ్వలేదు. వేళ్ల మీద లెక్క చూసుకుంటున్నాడు. కాసేపటికి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "ముప్పై ఒకటి బేసి. మళ్లీ ఒకటి బేసి. రెండు రోజులు వరసగానా?" ఆ మాట నాకు తట్టనే లేదు. పేపరంతా చదివిన నాకు తట్టలేదు.

ఆనాటి నుంచి బేసి రోజుల్లో ఆయన దీపాలు పెట్టేదాకా ఏమీ తినేవాడు కాదు. మా వాళ్లకు ఉపవాసం కొత్తేమీ కాదు కాబట్టి దానికి చీనా ఏకాదశి అని పేరు పెట్టారు. ఊరు గౌరవించింది కూడా. బేసి రోజున ఎవరైనా చాయ్ తాగమంటే హోటల్ యజమానే కసిరేవాడు. "ఒక్కపొద్దుల ఉన్న మనిషిని సతాయిస్తవేందిర?" నాలుగేళ్లపాటు ఇట్లా అన్నది ఈ ఊరే, ఈ నోళ్లే.

ఇప్పుడు నాకు ఎనభై దాటి చాలా ఏళ్లయింది. పేపరు తెరిస్తే మళ్లీ అదే పెద్ద దేశం, మళ్లీ ఆ ద్వీపం చుట్టూ ఓడలు, పైన విమానాలు. ఆ ద్వీపంలో జనం ఓట్లు వేసి తమ ప్రభుత్వాన్ని తామే ఎన్నుకుంటున్నారట. ఆనాడు అదీ లేదు వాళ్లకు. టీవీలో కుర్రవాళ్లు పటం ముందు నిలబడి ఎవరి బలమెంతో గడగడా చెబుతుంటారు. ఇండ్ల సంగతి వాళ్లూ చెప్పరు.

అరవై రెండులో మన సరిహద్దులో యుద్ధం వచ్చింది. అదే దేశం మన మీదికి వచ్చింది. నా కడుపూ మండింది, ఎందుకు మండదు? ఊరేగింపులకు గుడ్డ బ్యానర్లన్నీ నేనే రాశాను. కానీ రెండు రోజుల్లో హోటల్ మాట మారిపోయింది. "దుశ్మన్‌గాడు మన నడుమనే ఉండి మన పండ్లు లెక్కవెడ్తాండు" అన్నారొకరు. వాళ్ల ఫిరంగులకు భయపడి నాలుగేళ్లు ఒక్కపొద్దులున్న మనిషిరా అని నేను అనాల్సింది. అనలేదు. అప్పటికే ఒకడు నన్ను చూసి "చీనోని దోస్తు వచ్చిండు, జర జరుగుండ్రి" అన్నాడు. బెంచీ మీద వాళ్లు నిజంగానే జరిగారు.

సేటు నన్ను పిలిపించాడు. "తమ్మీ, గోడ మీద ఆ చీనా ముక్క తీసెయ్. రాళ్లు వడ్తె నా ఇల్లు పోతది." సున్నం, జానెడు వెడల్పు కుంచె తీసుకుపోయి పని మొదలుపెట్టాను. ఎర్ర అక్షరాలు పోయాయి. మూలన నల్లటి చిన్న మాట మిగిలింది. దాన్ని ఉంచమని సేటు చెప్పలేదు, తీయమనీ చెప్పలేదు. చేయి ఆడుతూనే ఉంది, దాని మీదుగానూ పోయింది. లోపల డాక్టర్ ఎవరికో పన్ను పీకుతున్నాడు. బయటికి వచ్చి తెల్లటి గోడ చూసి "బాగుంది. చల్లగా ఉంది" అని మళ్లీ లోపలికి వెళ్లాడు.

మూడో రోజు పొద్దున పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టర్ కొత్తగా కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. ఉర్దూ ఒక్క ముక్క రాదు. కాగితం రాసే రైటర్ మా ఊరివాడే. పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలని హోటల్ యజమానినీ, సంతకం వచ్చు కాబట్టి నన్నూ రోడ్డు మీది నుంచి పిలిచారు.

డాక్టర్ కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఏదో ఉర్దూలో మొదలుపెట్టబోతే ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తాడు. "ఉర్దూ వద్దయ్యా. తెలుగులో చెప్పు. నీ సొంత ఊరేంటి?"

"కిమ్మన్."

"ఊరు. ఊరు పేరు అడుగుతున్నాను."

"కిమ్మన్, సాబ్."

ఇన్‌స్పెక్టర్ రైటర్ వైపు చూశాడు. "ఏమంటాడు?"

"కిమ్మన అంటాండు సార్. నోరిప్పడట."

"నా ముందే అంత పొగరా? ఏమయ్యా, కిమ్మనవా?"

"కిమ్మన్!" డాక్టర్ గొంతు పెరిగింది. అప్పుడు ఆయనకే తట్టినట్టుంది, ఆ మాట మా చెవులకు ఎట్లా వినిపిస్తుందో. దాన్ని ఆయనకు విప్పి చెప్పింది నేనే కదా. గోడ వైపు వేలు చూపించబోయాడు. అక్కడ సున్నం ఉంది. వేలు దించి నా వైపు తిరిగాడు.

"పెయింటర్‌కు తెలుసు" అన్నాడు, శుద్ధమైన తెలుగులో.

అందరూ నన్ను చూశారు. ఇన్‌స్పెక్టర్ అడిగాడు. "నీకు తెలుసా?"

ఊరని, ద్వీపమని, ఆ దేశం ఫిరంగి గుండ్లు పడే చోటని నాలుగు మాటలు చాలు. పక్కన హోటల్ యజమాని నేల చూపులు చూస్తున్నాడు. గుమ్మం బయట నలభై మంది గుమిగూడారు. బెంచీ మీద జరిగినవాడూ అందులో ఉన్నాడు.

"నాకు తెల్వదు సార్" అన్నాను.

రైటర్ రాసింది చదువుకుని మరీ సంతకం చేశాను. చదవడం వచ్చినవాణ్ణి కదా. డాక్టర్ చొక్కా గుండీ పెట్టుకుని, తొక్కుడు మిషను మీద గుడ్డ కప్పి, వాళ్ల వెంట నడిచాడు. ఆ రోజు సరి తారీఖు.

ఆయన్ని హైదరాబాదు తీసుకుపోయారనీ, అక్కడి నుంచి ఎక్కడో ఎడారిలో క్యాంపుకు పంపారనీ విన్నాం. యుద్ధం నెలరోజుల్లో ఆగిపోయింది. ఆయన రాలేదు. నేను అర్జీలు రాయడం మొదలుపెట్టాను. సుబేదారిలో జిల్లా ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఒక గుమస్తా నన్ను పైనుంచి కిందికి చూసి అడిగాడు.

"ఆయన నీకేమైతడు?"

"ఏం కాడు."

"మరి నీకేం పని?"

ఇంకోసారి పిల్లల అట్లాసు కొనుక్కుపోయి ఆ చుక్క చూపించాను. గుమస్తా అద్దాలు సవరించుకున్నాడు. "గిదా? ఈగ వాలి పోయిందనుకున్న" అన్నాడు. పక్క బల్ల వాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఈగ మచ్చ కాదు, అక్కడ మనుషులున్నారు, వాళ్ల కోసం వరంగల్‌లో ఒక మనిషి నాలుగేళ్లు బేసి దినాలు పస్తులున్నాడు అని అరిచాను. అప్పుడు అరిచాను, కావాల్సిన రోజున కాదు. జవాను చెయ్యి పట్టుకుని బయటికి పంపాడు.

ఎన్ని అర్జీలు రాశానో లెక్క పెట్టుకోలేదు. ఆయన ఊరు కిమ్మన్, అది శత్రువుది కాదు, విచారణలో పొరపాటు జరిగింది అని ప్రతి దాంట్లో రాశాను. పొరపాటు ఎవరిదో ఒక్క దాంట్లోనూ రాయలేదు. రైటర్‌ను తిట్టాను, ఊరిని తిట్టాను, ప్రభుత్వాన్ని తిట్టాను. నా మాట వచ్చేసరికి ప్రతిసారీ కలం పక్కకు తిప్పుకున్నాను. నిజం రాసినా వదిలేవాళ్లని చెప్పలేను. తాత చీనావాడైతే చాలు, మనుషుల్ని క్యాంపుల్లో మూసిన రోజులవి. కానీ ఆయన చెప్పాడన్న సంగతి కాగితం మీద ఉండేది.

ఈలోగా సేటు ఆ గదిని ఇంకొకరికి ఇచ్చాడు. డాక్టర్‌ను ఓడెక్కించి పంపేశారని ఒకరు, కలకత్తాలో కనబడ్డాడని ఒకరు అన్నారు. ఎవరూ కళ్లారా చూసి చెప్పిన మాట కాదు.

అయిదారేళ్లు గడిచాక, ఆఫీసుల్లో తెలుగులో రాయాలన్న మాట కొత్తగా వినిపిస్తున్న రోజుల్లో, నా పేర ఒక కవరు వచ్చింది. ఎదురు హోటల్ బెంచీ మీద కూర్చుని విప్పాను. ఏమి రాశారో పైకి చదవమన్నాడు యజమాని. ఆ బెంచీ మీద నేను పైకి చదవనిది ఆ ఒక్క కాగితమే.

"మీ అర్జీలన్నియు పరిశీలించడమైనది. సదరు వ్యక్తిని స్వగ్రామము ఏదని అడుగగా కిమ్మనలేదని పంచనామాలో కలదు. తమకు కూడా తెలియదని మీరు చెప్పినట్లును, దానిపై మొదటి సాక్షిగా మీ సంతకము ఉన్నట్లును కనబడుచున్నది. ఆనాడు మీకు తెలియని ఊరు ఈనాడు ఎట్లు తెలిసినదో లిఖితపూర్వకముగా తెలియజేయవలెను."