ఎంతమందిని కన్నావు?

తోడబుట్టినవాళ్లకు పిల్లలు లేకపోతే తమ బిడ్డను వాళ్ల ఒడిలో పెట్టడం మా ఇళ్లల్లో వింతేమీ కాదు. మా మూడో బిడ్డను పురుడు వెళ్లగానే మిర్యాలగూడలో ఉండే మా ఆడబిడ్డకు ఇచ్చాం. నలుగురినీ పిలిచి, పసుపు కుంకుమతో ఇచ్చాం. పిల్ల ఆమెను అమ్మా అంటుంది, నన్ను అత్తమ్మా అంటుంది. కన్నది నేనని అప్పటికి పిల్లకు తెలియదు.

2006లో మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చింది. నిలబడ్డాను, గెలిచాను. ఓడినామె సూర్యాపేట కోర్టులో కేసు వేసింది. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లు పదవికి పనికిరారని చట్టమట, నాకు ముగ్గురట! నా ఇంట్లో తినేది ఇద్దరే కదా, ఊరంతా అడగండి అన్నాను.

"దత్తత ఇచ్చినంక పిల్ల వాళ్లదే అని ఇంకో చట్టమున్నది. ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు మా వకీలు. చెబితే పిల్లకు తెలిసిపోతుంది. దాచితే అబద్ధపు ప్రమాణం, దవాఖాన కాగితంలో తల్లిగా నా పేరే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాక్ష్యానికి రమ్మంటే ఆడబిడ్డ ఫోన్లోనే ఏడ్చింది. "వదినా, పిల్లకు తెల్వనియ్యకు, నీ కాళ్లు మొక్కుత."

వచ్చింది పాపం. ఎనిమిదేళ్ల పిల్ల వెంటపడితే దాన్నీ తెచ్చింది. వరండాలో కూర్చోబెట్టాం.

అవతలి వకీలు కోదాడ మనిషి, గొంతు పెద్దది. "ఎంతమందిని కన్నావమ్మా?"

"ఒక పిల్లను మా ఆడబిడ్డకు..."

"అది అడగలేదు. ఎంతమందిని కన్నావు?"

"ముగ్గురిని" అన్నాను. "చూశారా, పదవి కోసం బిడ్డనే వదిలించుకుంది!" అని అరిచాడు. నా ఒళ్లు మండిపోయింది. వాడి నోరు పడ! అది పుట్టిననాడు నాకు పదవి ఊసెక్కడిది? వెనక్కి తిరిగితే పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది.

తీర్పు రోజున ఆడబిడ్డా పిల్లా ఇద్దరూ వచ్చారు. దాచడానికి ఇంకేముంది? జడ్జి మెత్తనివాడే. "నీది తప్పని అనడం లేదమ్మా. కన్న బిడ్డను ఇచ్చేస్తే లెక్కలోంచి తీసెయ్యమని ఈ చట్టంలో లేదు. లేని మాట నేను చేర్చలేను" అని పదవి తీసేశాడు.

బయటికి రాగానే పిల్ల నా కొంగు పట్టుకుంది. "సర్పంచ్ పోయింది గద అత్తమ్మా. ఇగ నన్ను మీ ఇంటికి తీస్కపోతవా?"

ఆడబిడ్డ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఔనంటే ఆమె బతకదు. కాదంటే ఆ వకీలు అన్నదే నిజమనుకుంటుంది పిల్ల.

"బస్సుకు టైమైతుంది, పా బిడ్డా" అన్నాను. వాళ్లు మిర్యాలగూడ బస్సెక్కారు. పిల్ల ఆ మాట మళ్లీ ఎప్పుడూ అడగలేదు.