మొటిమల రాణి

తిరుపతిలో మా వీధి చివర ఒక పిండిమర ఉంది. కొన్ని సాయంత్రాలు అక్కడ ఎవరో పెసలు పట్టిస్తుంటారు. వేడెక్కిన రాళ్ల మధ్య నలిగిన పెసల వాసన, అందులో కాస్త పసుపుకొమ్ము, ఎండిన నిమ్మతొక్కల ఘాటు కలిసి రోడ్డు మీదికి వచ్చినప్పుడు, కూరగాయల సంచితో నడుస్తున్న నేను నలభై దాటిన హైస్కూలు టీచరుగా ఉండడం మానేస్తాను. చిత్తూరు దగ్గరి మా ఊరు ఐరాలలో, ఇంటి వెనక స్నానాల బండ మీద, తడి లంగాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్న పన్నెండేళ్ల వనజనైపోతాను. నా వెనక అవ్వ ఉంటుంది. ఆమె చేతిలో నలుగుపిండి ఉంటుంది.

అవ్వ అంటే మా నాయన తల్లి. ఏళ్ల తరబడి రాగి సంగటి గెలికిన చేతులు ఆమెవి, పట్టుకుంటే కొడవలి పిడి పట్టుకున్నట్టుండేవి. మా వీధిలో పుట్టిన ప్రతి పసిబిడ్డకూ ఆమే నీళ్లు పోయాలి. రెండు కాళ్లూ చాపుకుని, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టి రుద్దుతుంటే, ఊరంతా వినపడేలా ఏడ్చే బిడ్డ కూడా కాసేపటికి ఆవలించి నిద్రలోకి జారుకునేది. అవ్వ చెయ్యి పడితే బిడ్డ నిద్రపోతుందన్న ఆ పేరంటే ఆమెకు చెప్పలేనంత గర్వం. ఆదివారం పొద్దున్నే మా పెరట్లో నీళ్లు కాగే రాగి అండా కింద చెరుకు పిప్పి మంట లేచేది. నా మాడు మీద పోసిన ఆముదం నుదుటి మీదుగా కనుబొమల్లోకి, అక్కడి నుంచి చెంపల మీదికి జిగటగా దిగేది, శీకాయ కళ్లలో పడి మండేది, ఆఖరున బరకగా విసిరిన నలుగుపిండితో, కొబ్బరి పీచుతో మెడ నుంచి మడమల దాకా తోమకం మొదలయ్యేది. "రుద్దితే గదా మే రగతం పారేది" అనేది అవ్వ. అదయ్యాక సాంబ్రాణి పొగలో జుట్టు ఆరబెట్టుకుంటూ, వేడివేడి దోసె మీద రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి వేసుకుని తింటూ, ఈ భూమ్మీద నాకంటే శుభ్రమైన పిల్ల లేదనుకునేదాన్ని.

పన్నెండో ఏడు వేసవిలో కథ మారింది. మాకు మామిడి తోట ఉండేది. కాయలు కోసే రోజుల్లో పిల్లలమంతా అక్కడే. గడ్డివాము నీడ, తోతాపురి ముక్కల మీద ఉప్పూ కారం, మధ్యాహ్నం వడగాలి, కొమ్మల్లో చిలకల గోల. చిలకల్ని తోలే పని నాది. తోట ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినపడేలా నేను అరిస్తే, గుంపుకు గుంపు పచ్చగా లేచి కొండల వైపు పోయేది. కాయ తుంచినప్పుడు కారే సొన తగిలి అందరి మొహాలూ అక్కడక్కడా కాలి నల్లబడేవి, వానలు పడేసరికి అవి మానిపోయేవి. ఆ ఏడు వానలొచ్చాయి, మిగతా పిల్లల మొహాలు తేటపడ్డాయి, నా మొహం మాత్రం తేటపడలేదు. నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు, ముక్కు మీద నిగనిగలాడే జిడ్డు, గడ్డం కింద ముట్టుకుంటే నొప్పెట్టే గడ్డలు. వినాయక చవితి కుడుములు తింటుంటే పక్కింటామె నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి, సంతలో వంకాయను చూసినట్టు చూసి, మామిడిపండ్ల వేడి అని తేల్చింది. ఇంకొకామె పళ్ల పేస్టు పూయమంది. మరొకామె ఏకంగా సున్నం పెట్టమంది.

అవ్వకు మాత్రం అది తన చేతికి ఎదురైన సవాలు. మురికి ఉండిపోబట్టే ఇదంతా అని ఆమె నమ్మకం. ఆదివారం ఒక్కరోజు రుద్దేది కాస్తా రోజూ రుద్దడం మొదలుపెట్టింది. రుద్దేకొద్దీ పొక్కులు పెరిగాయి.

చలికాలంలో మా వైపు ఇంటింటా అనపకాయల వాసనే. పొద్దున నానబెట్టిన గింజల్ని మధ్యాహ్నం ఎండలో కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కొక్కటీ నొక్కితే, తోలు వేళ్లకు మిగిలి పచ్చటి పప్పు టప్పున గిన్నెలోకి దూకుతుంది. అదే పితికిపప్పు. సంగటిలోకి దాని పులుసు ఉంటే మా నాయన మాట్లాడకుండా తినేవాడు. ఆ పప్పు పితకడంలో అవ్వను మించినవాళ్లు లేరు. కబుర్లు చెబుతూ, గింజల వైపు చూడకుండానే గంప ఖాళీ చేసేది. ఆ వేళ్లకు ఊరుకోవడం తెలీదు. గింజలు అయిపోగానే నన్ను దగ్గరికి లాక్కుని, "ఇట్రా మే, ఇదొగటి పండినట్టుండాది" అనేది. నా కళ్ల నుంచి నీళ్లు కారేవి. నొక్కిన చోటల్లా నల్ల మచ్చ పడేది.

ఆ చలికాలంలోనే స్కూలు వార్షికోత్సవానికి నాటకం అనుకున్నారు. చంద్రగిరి కోట చూసి వచ్చిన ఉత్సాహంలో మా తెలుగు టీచరు తనే రాసింది. కరువు కాలంలో ఒక రాణి, మంత్రులు వద్దన్నా వినకుండా, కోట గాదెలు తెరిపించి జనానికి ధాన్యం పంచే కథ. తరగతిలో అందరిచేతా ఒక్కో మాట చెప్పించి, చిలకల్ని తోలిన నా గొంతు విని, రాణి వేషం నాకిచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి ఎట్లా చేరానో నాకు గుర్తులేదు, పరిగెత్తానో ఎగిరానో.

మనవరాలు రాణి అవుతుందంటే అవ్వ ఊరుకుంటుందా? రాణి మొహం పండు వెన్నెల్లా ఉండాలి గదా! వార్షికోత్సవం ఇంకా కొన్నాళ్లుందనగా, ఒక ఆదివారం, మొహమంతా పితికి, పీచుతో రుద్ది, ఆ పచ్చి పుండ్ల మీద నిమ్మరసం, ఉప్పు, పసుపు కలిపి పట్టు వేసింది. నేను అరుస్తుంటే, "ఓర్సుకో నా తల్లీ, రేపు సూడు ఎట్ల మెరస్తావో" అంది. మరునాడు లేచేసరికి నా కుడి కన్ను తెరుచుకోలేదు. చెంప ఉబ్బి, ఎర్రగా కాలుతూ, ఒళ్లంతా జ్వరం. అమ్మ నన్ను చూసి ఏడ్చింది. నాయన ఎప్పుడూ తన తల్లి మీద గొంతెత్తినవాడు కాదు. ఆ రోజూ ఎత్తలేదు. "మా, ఇంగ సాలు" అన్నాడు, అంతే. అవ్వ స్తంభానికి ఆనుకుని కూలబడింది. తన రెండు చేతుల్నీ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

నన్ను డాక్టరుకు చూపించాలని చిత్తూరు బస్సుకు బయల్దేరుతుంటే చెప్పులేసుకుని అవ్వ కూడా వచ్చి నిలబడింది. "నేను జేసిందాన్ని నేనే యినాల" అంది.

చర్మం డాక్టరు చిన్న వయసామె. నన్ను కూర్చోబెట్టి, ముందు తన చేతులు కడుక్కుని, అప్పుడు నా గడ్డాన్ని వేలి కొసతో ఎత్తి చూసింది. అంతవరకు నా మొహం గురించి ఊరంతా మాట్లాడింది కానీ నన్ను అడిగినవాళ్లు లేరు. ఆమె అడిగింది. "చెప్పు పాపా, యాడ నొప్పి? ఎప్పట్నుంచి? నీకేమనిపిస్తా ఉండాది?" నేను రాణి వేషం గురించి చెప్పాను. మొహం కంటే అదే పెద్ద సంగతి నాకు.

ఆమె పుండ్లకు మందు రాసిచ్చి, మిగతాది నిదానంగా చెప్పింది. ఇది మురికి కాదు, నీ తప్పు కాదు, ఈ వయసులో చర్మం లోపల నూనె ఎక్కువగా ఊరుతుంది, అందరికీ కొంచెమో గొప్పో వచ్చేదే. పొద్దునొకసారి, రాత్రొకసారి, ఆడుకుని వచ్చాక చెమట పట్టి ఉంటే ఇంకోసారి, మెత్తటి సబ్బుతో, వేడి లేని నీళ్లతో కడుక్కో. తువ్వాలుతో రుద్దకు, అద్దుకో. తలకు నూనె పెడితే నుదుటి మీదికి దిగనీకు. దిండు గలీబు తరచుగా ఉతుక్కో. ఎండలో గొడుగు వేసుకో. ముట్టుకోకు, గిల్లకు, పితక్కు.

అవ్వ అంతసేపూ వింది. చివరికి తల ఎత్తి, "నా బిడ్డల్ని, ఈదిలో బిడ్డల్ని, అందర్నీ ఈ సేత్తోనే రుద్ది, నిద్రపుచ్చి పెంచినా తల్లీ. అంతా తప్పేనా?" అంది. ఆ గొంతు అంతకుముందు నేనెన్నడూ వినలేదు.

డాక్టరు తన కుర్చీ అవ్వ దగ్గరికి జరుపుకుంది. "తప్పని ఎవరన్నారవ్వా? అందుకే గదా ఆ బిడ్డలు నీ సేతిలో నిద్రపోయింది. పసిబిడ్డ వొళ్లు వేరే, ఈ వయసు మొగం వేరే. ఇది లేత సిగురు మాదిరి. ఎంత నలిపితే అంత వాడతాది. ఇప్పుడు నీకు ఇంగొక పని ఇస్తా. ఎవరూ ఈ పాప మొగం మీద సెయ్యి పెట్టకుండా నువ్వే కావలి కాయాల."

ఆ మాటతో అవ్వ లేచి నిలబడింది. ఆ రోజు నుంచి ఐరాలలో నా మొహానికి ఉన్నంత కాపలా చంద్రగిరి కోటకు కూడా ఎప్పుడూ ఉండి ఉండదు. సున్నం పెట్టమన్న ఆమె నా గడ్డం పట్టుకోబోతే, అవ్వ విసనకర్రతో ఆమె చేతిని పక్కకు తోసి, "దూరంగా నిలబడి మాట్లాడు మే, అది లేత సిగురు" అంది. నాకంటూ ఒక మెత్తటి తువ్వాలు వేరుగా పెట్టింది. రాత్రి నేను మొహం కడుక్కోకుండా పడుకుంటే లేపి కూర్చోబెట్టేది. నేను చదువుకుంటూ మర్చిపోయి గడ్డం గోకబోతే, వంటింట్లోంచే, ఎట్లా కనపడేదో, "సెయ్యి!" అని అరిచేది.

వాపు తగ్గింది, కన్ను తెరుచుకుంది, పుండ్లు మానాయి. మొటిమలు మాత్రం ఉన్నాయి. వార్షికోత్సవం నాటికి మాయమయ్యే జాతి కాదవి. నాటకాల సామాను అద్దెకిచ్చే అతను డబ్బా నిండా మందపాటి గులాబీరంగు తెచ్చాడు. అది పూయొద్దని డాక్టరు ముందే చెప్పింది. టీచరు ఇబ్బందిగా చూసింది. "రంగు లేకుంటే అన్నీ కనపడతాయి గదమ్మా. జనం నవ్వితే నువ్వే బాధపడతావు. ఈసారికి వేరే పాపకు ఇస్తాంలే" అంది.

ఇంటికెళ్లి ఏడవచ్చు. ఎందుకో ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. "నవ్వితే నవ్వనీండి టీచర్. నేను మాట్లాడేవరకే గదా నవ్వేది" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో తెలీదు. టీచరు రంగు డబ్బా మూత పెట్టేసింది.

వార్షికోత్సవం సాయంత్రం అమ్మ ఎర్ర జరీ చీర, అట్టతో చేసిన కిరీటం, కళ్లకు కాటుక, నుదుటన బొట్టు, అంతకుమించి ఏమీ లేని మొహంతో నేను వేదిక ఎక్కాను. దీపాల వెలుతురులో ఒక్క మొటిమ కూడా దాగలేదు. ముందు వరస మగపిల్లల్లో ఒకడు "రాణికి తట్టు పోసిందిరా" అన్నాడు. గొల్లుమని నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే నేను ముందుకు నడిచి, తోట ఆ గట్టుకు వినపడేలా అన్నాను: "కోట తలుపులు తెరవండి! ఈ ధాన్యం పండించినవాళ్లది!"

నవ్వు ఎక్కడిదక్కడ తెగిపోయింది. భటుడి వేషం వేసిన పిల్లాడు అదిరిపడి, ఇంకా రెండు మాటల తర్వాత తెరవాల్సిన అట్ట తలుపుల్ని అప్పుడే తెరిచేశాడు. జనం ఈలలు వేశారు. ఆ తర్వాత నాకు మొహం ఉన్న సంగతే గుర్తు లేదు. గాదెలు తెరిచే చోట మా మామిడి తోటలో పనికొచ్చే ఆడవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, తట్టు పోసిందన్న పిల్లాడు అందరికంటే ఆఖర్న చప్పట్లు ఆపాడు. ఉత్తమ నటి బహుమతిగా మూత ఉన్న పెద్ద స్టీలు గిన్నె ఇచ్చారు. దిగి వస్తుంటే కింది తరగతి పిల్ల ఒకతి, ఎప్పుడూ సగం మొహం ఓణీతో కప్పుకుని తిరిగేది, నా చెయ్యి పట్టుకుని, "అక్కా, మొగానికి ఏం పూసినావు?" అంది. "ఏమీ పూయలేదు" అన్నాను. ఆ పిల్ల ఓణీ కిందికి దించుకుంది.

అవ్వ జనంలోంచి తోసుకుంటూ వచ్చింది. కళ్ల నిండా నీళ్లు. దిష్టి తీయడానికి రెండు చేతులూ చాచి నా చెంపల దాకా తెచ్చింది. అక్కడ ఆపేసింది. చెంపలకు తగలకుండా, వాటి చుట్టూ గాల్లోనే చేతులు తిప్పి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. అన్ని వేళ్లూ పటపటమన్నాయి. అంత మెత్తగా అవ్వ నన్ను ఇంకెప్పుడూ తాకలేదు.

మొటిమలు పదో తరగతి దాకా వస్తూ పోతూనే ఉన్నాయి. వాటి కోసం నేను ఏ పెళ్లీ, ఏ పండగా, ఏ వేదికా మానుకోలేదు.

ఇప్పుడు ఆ అండా లేదు, చెరుకు పిప్పి మంట లేదు. స్నానాల బండ తీసేసి గది కట్టారు. తోట మా చేతుల్లోంచి పోయింది, అక్కడ ఇళ్లు లేచాయి, చిలకలు ఎటు పోయాయో తెలీదు. అనపగింజలు పితికిన పప్పుగానే సంచుల్లో దొరుకుతున్నాయి. అవ్వ పోయి చాలా ఏళ్లయింది.

నా కూతురికి ఈ ఏడు పన్నెండు నిండాయి. మొన్న దాని నుదుటి మీద కూడా మొదలయ్యాయి. ఫోన్‌లో చూసి పెద్దవాళ్లు వాడే సీసాలు ఏవేవో కావాలంది. అవి దాని వయసుకు కావని, మంట పుట్టిస్తాయని చెప్పి, మెత్తటి సబ్బు, తేలికపాటి క్రీము, ఎండకు రాసుకునేది మాత్రం తెచ్చిచ్చాను. రెండు రోజులు అలిగింది. ఈ ఉదయం చంద్రగిరిలో దాని ఖోఖో పోటీ. మొహం కడుక్కుంది, అద్దుకుంది, క్రీము రాసుకుంది, బూట్ల తాళ్లు బిగించి కట్టింది. కింద స్కూలు వ్యాను హారన్ కొట్టింది. మా గుమ్మం పక్కన నిలువుటద్దం ఉంది. దాని ముందు నుంచే పరిగెత్తింది, అటు చూడనైనా లేదు.